గడువు ఎవరిది?

మా ఆఫీసులో ఆలస్యానికి మంచి పదాలున్నాయి. ‘స్లిప్ అయింది’ అంటాం. ‘వెండర్ వైపు నుంచి ఇష్యూ’ అంటాం. ఒక చిన్న పరికరం తయారుచేస్తున్నాం. అందులో వేసే భాగం బయటినుంచి రావాలి. అది రాదు. వచ్చింది సరిగా పనిచెయ్యదు. సోమవారం మీటింగులో తేదీని ఆరు వారాలు ముందుకు జరుపుతాం, కాఫీ తాగుతాం. పోయిన నెల ఒక కస్టమర్‌కి నేనే మెయిల్ రాశాను, ఫలానా తేదీకి ఇస్తామని. రాసేటప్పుడే నాకు తెలుసు, కుదరదని. ఆ తేదీని నమ్మి వాళ్ళు తమ పాత యంత్రాన్ని అమ్మేశారట.

అప్పట్నుంచీ మా ఊరి సొరంగాలు గుర్తొస్తున్నాయి.

మాది మార్కాపురం. వెలిగొండ ప్రాజెక్టు పేరు వినకుండా పెరిగిన పిల్లలు మా వైపు లేరు. దాని కోసం పోరాడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరే దానికి పెట్టారు. 1996 మార్చిలో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర నీళ్ళందుకుని, నల్లమల కిందుగా ఒక్కోటి 18.8 కిలోమీటర్ల పొడవున్న రెండు సొరంగాల్లోంచి ఇవతలికి తేవాలి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందుల్ని ఆనకట్టలతో మూసి నిలవచెయ్యాలి. వరద రోజుల్లో 43.5 టీఎంసీలు. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో కలిపి 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, ఫ్లోరైడు నీళ్ళు తాగే ఊళ్ళకు మంచినీళ్ళు. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరికి అయింది, రెండోది 2024 జనవరికి. అదే ఏడాది మార్చిలో ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ఫీడర్ కాలువ పనులూ నిర్వాసితుల లెక్కలూ మాత్రం అప్పటికీ మిగిలే ఉన్నాయి. ఈ మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు ఎన్ని గడువులు చెప్పాయో మా నాయన వేళ్ళ మీద లెక్కపెడతాడు. నేను ఏ పార్టీ పక్షానా ఈ లెక్క తియ్యడం లేదు. అందరి చేతా అయింది.

ఆలస్యానికి కారణాలు లేకపోలేదు. పైన పులుల అభయారణ్యం. మధ్యలో ఎక్కడపడితే అక్కడ బావి తవ్వి లోపలికి దిగడం కుదరదు. టన్నెల్ బోరింగ్ యంత్రం ఒక చివర మొదలుపెట్టి కొరుక్కుంటూ పోవాల్సిందే. వదులు రాయి తగిలితే పైనుంచి కూలి యంత్రం ఇరుక్కుంటుంది. విడిభాగాలు బజార్లో దొరికేవి కావు. గుత్తేదార్లు మారారు, అంచనాలు పెరిగాయి, డబ్బు ఆగింది. రెండో సొరంగంలో యంత్రం మాటిమాటికీ మొరాయిస్తే చివరి భాగంలో మనుషులతో తవ్వించారు. మా ఊళ్ళో పలకల గనుల్లో పనిచేసినవాళ్ళని అడగండి, రాయి క్యాలెండరు చూసి విడిపోదని చెప్తారు. రాయి మీద ఎవరికీ కోపం లేదు.

పోనీ తొందరపెడదామా అంటే, శ్రీశైలం జలాశయానికి అవతల, తెలంగాణ వైపున ఎస్ఎల్‌బీసీ సొరంగం ఉంది. దాదాపు 44 కిలోమీటర్లు, మన వెలిగొండ లాంటి కథే. అక్కడ యంత్రం బేరింగు పాడైతే అమెరికా నుంచి తెప్పించాల్సి వచ్చింది. చాలాకాలం ఆగిన పని మళ్ళీ మొదలైన కొద్దిరోజులకే, 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిదిమంది లోపలే చిక్కుకుపోయారు. ఎవరూ ప్రాణాలతో రాలేదు. ఆ వార్త చదివాక ‘ఇంకా ఎన్నేళ్ళు తవ్వుతారు’ అని విసుక్కోవడం నాకు అంత తేలిగ్గా రావడం లేదు.

అయితే తప్పెక్కడుంది? నాకు తోచింది చెప్తాను. ఆలస్యంలో కంటే, ముందుగా చెప్పిన తేదీలో ఉంది.

మా ఇంట్లోనే ఒకే గడువు కోసం ఇద్దరు ఎదురుచూస్తున్నారు. నాయన నీళ్ళ కోసం. ఎండాకాలం ట్యాంకరుకు డబ్బులిచ్చిన ప్రతిసారీ ‘ఈ ఒక్క ఏడే’ అంటాడు. మా అత్తది ముంపు ఊరు. ఆమె వెళ్ళిపోవడం కోసం ఎదురుచూస్తోంది. ఎట్లాగూ మునిగేదేగదా అని గోడకు సిమెంటు పూయలేదు. బోరు వెయ్యలేదు. పిల్లకు సంబంధం వస్తే, ఊరే ఉండదంటగా అని వాళ్ళు వెనక్కి పోయారు. తేదీ జరిగినప్పుడల్లా నాయన తిడతాడు, అత్త ఇంటిమీద రేకులు మార్పిస్తుంది.

గుత్తేదారు ఒప్పందంలో గడువు పొడిగింపుకు ఒక క్లాజు ఉంటుంది. ధరలు పెరిగితే తేడా చెల్లించడానికి ఇంకోటి. ఆలస్యమంటే ఏమిటో, దాని ఖరీదెంతో ఆ కాగితాలకు బాగా తెలుసు. అత్త దగ్గర అట్లాంటి కాగితం లేదు. 2013 భూసేకరణ చట్టం పెళ్ళి కాకపోయినా మేజరును వేరే కుటుంబంగానే లెక్కిస్తుంది. శంకుస్థాపన ఏడాది పుట్టిన పిల్లవాడికి 2024లో ఇరవై ఎనిమిదేళ్ళు. కటాఫ్ ఏ రోజున గీశారన్నదాన్ని బట్టి అతను ఒక కుటుంబమో, ఎవరో ఒకరి కొడుకో అవుతాడు. ఎదురుచూపులోనే పెద్దయినందుకు లెక్కలోకి రావాలా వద్దా అని అధికారులతో వాదించుకోవాలి.

ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1967లో ఒక చిత్రమైన మాట అన్నాడు. కష్టాలన్నీ ముందే తెలిస్తే మనిషి ఏ పెద్ద పనీ మొదలుపెట్టడట; తెలియకపోవడమే మేలు చేస్తుందట. ఇది కొట్టిపారెయ్యలేని వాదన. ‘ముప్పై ఏళ్ళు పడుతుంది’ అని 1996లో నిజం చెప్పి ఉంటే రూపాయి మంజూరయ్యేదా? అయ్యేది కాదేమో. కానీ తెలియకపోవడం వేరు, తెలిసీ చెప్పకపోవడం వేరు. పైగా ఇక్కడ తేదీ చెప్పేవాడు ఒకడు, దాని మీద ఇల్లు కట్టకుండా ఆగేవాడు ఇంకొకడు. తన జీవితాన్నే పందెం కాస్తే అది ధైర్యం. మా అత్త గోడని పందెం కాస్తే దాన్నేమనాలి?

ఇంకోటి. సొరంగం ఆలస్యానికి రాయిని చూపించవచ్చు, యంత్రాన్ని చూపించవచ్చు. ఇంటి స్థలం ఇవ్వడానికి ఏ బేరింగూ విదేశాల నుంచి రానక్కర్లేదు. పరిహారం ఖాతాలో వెయ్యడానికి నల్లమలను తొలవనక్కర్లేదు. ముందు అయిపోగలిగిన పని చివరికి మిగిలిందంటే, ఆ వరస ఎవరో పెట్టిందే. మా ఆఫీసులోనూ అంతే. వెండర్ ఆలస్యం అనే పెద్ద గొడుగు కింద మేం చెయ్యాల్సిన చిన్న పనులు ఎన్నో దాక్కుంటాయి. కస్టమర్‌కి ఫోను చేసి ఉన్నమాట చెప్పడం వాటిలో ఒకటి.

మొన్న చేశాను. అవతలాయన కాసేపు మాట్లాడలేదు. “పాతది అమ్మకముందు చెప్పుంటే అయ్యేది గదండీ,” అన్నాడు. తిట్టలేదు.

ఆ రాత్రి అత్తకి ఫోను చేస్తే, ఈసారి కొత్త తేదీ చెప్పారంది. నమ్ముతున్నావా అత్తా అనడిగాను.

“నమ్మకపోతే ఎట్లా నాయనా, వడ్లు పోసుకోవాల్నా వద్దా తెలియాలిగా,” అంది.