తలుపులు మూసే వేళ

మా వీధి గుడి తలుపులు మధ్యాహ్నం పన్నెండింటికి మూస్తారు. పావు తక్కువ పన్నెండుకి కొబ్బరికాయ పట్టుకుని సందు మలుపు తిరిగే మనిషిని చూడండి, గోపురం తప్ప అతని కంటికి మరేదీ ఆనదు. నేనూ అలా పరుగెత్తినవాణ్నే. ఒకనాడు మెట్ల దగ్గర కూలబడి ఆయాసపడుతున్న ఒక పెద్దావిడను దాటుకుని వెళ్లాను. తీర్థం పుచ్చుకున్నాక గానీ ఆవిడ గుర్తుకు రాలేదు. గబగబా వెనక్కి వచ్చేసరికి ఆవిడ లేదు.

భక్తి చాలలేదనుకుని చాలా రోజులు నొచ్చుకున్నాను. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తల ప్రయోగం గురించి చదివాక ఆ లెక్క మారింది.

1970 డిసెంబరు. ప్రిన్స్‌టన్‌లో పాస్టర్లను తయారుచేసే కళాశాల. విద్యార్థులను ఒక్కొక్కరినే పిలిచి, పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయమన్నారు. సగం మందికి ఇచ్చిన అంశం లూకా సువార్తలోని మంచి సమరయుని ఉపమానం. యెరికో దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూసి పక్కగా పోతాడు, లేవీయుడూ పోతాడు. యూదులు దగ్గరికి రానివ్వని సమరయుడు మాత్రం ఆగి, గాయాలు కట్టి, సత్రానికి చేర్చి ఖర్చు పెట్టుకుంటాడు. మిగతా సగానికి ఉద్యోగావకాశాల గురించి మాట్లాడమన్నారు.

అసలు కిటుకు బయల్దేరేటప్పుడు చెప్పే మాటలో ఉంది. కొందరితో ‘ఇంకా కాస్త టైముంది’ అన్నారు. కొందరితో ‘వాళ్లు సిద్ధంగా ఉన్నారు, వెళ్లండి’ అన్నారు. ఇంకొందరితో ‘అయ్యో, ఆలస్యమైపోయింది, మీకోసమే చూస్తున్నారు’ అన్నారు. దారిలో ఒక గుమ్మం దగ్గర ఒకడు తలవాల్చి, దగ్గుతూ మూలుగుతున్నాడు. అతను ప్రయోగంలో మనిషేనని విద్యార్థులకు తెలియదు.

తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం ఆగి సాయం చేయబోయారు. మధ్యవాళ్లలో 45. ఆలస్యమైందని పరుగుతీసినవాళ్లలో 10. సమరయుని కథ నెమరువేసుకుంటూ వెళ్తున్నవాళ్లకూ, ఉద్యోగాల గురించి ఆలోచిస్తున్నవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. సమరయుని మీద మాట్లాడటానికి వెళ్తూ ఆ మనిషి మీదుగా అడుగువేసి పోయినవాళ్లూ ఉన్నారు!

ఇక్కడ నవ్వుకుని పేజీ తిప్పేయడం తేలిక. కానీ ఆగకుండా పోయినవాళ్లలో చాలామంది రెండో భవనానికి కలవరపడుతూ చేరారని పరిశోధకులే రాశారు. రాతిగుండెవాళ్లు కలవరపడరు కదా. తనకోసం ఎదురుచూస్తున్నవాళ్లకు ఇచ్చిన మాట ఒకవైపు, గుమ్మంలోని మూలుగు మరోవైపు. మనవాళ్లయితే ధర్మసంకటం అంటారు. ఇంకొందరికి ఆ హడావుడిలో అది ఆపద అని తట్టనే లేదట. నాకు జరిగింది ఈ రెండోది.

పైఠణ్ భక్తుడు ఏకనాథుని కథ మనకు తెలిసిందే. కాశీ నుంచి గంగను కావడిలో మోసుకుని రామేశ్వరం నడుస్తూ, ఎండలో నాలుక ఎండిపోతున్న గాడిదకు ఆ నీళ్లు తాగించాడంటారు. ఇన్నాళ్లూ అందులో కరుణనే చూశాను. ఇప్పుడు మరొకటి కనిపిస్తోంది. రామేశ్వరంలో ఆయన కోసం ఎవరూ గడియారం చూసుకుంటూ నిలబడలేదు. కాలినడక మనిషి కనుక గాడిద కంటబడింది. అంతమాత్రాన ఆయన గొప్పతనం తగ్గిపోదు. మొక్కిన మొక్కును దారిలో వదులుకోవడం మనలో ఎంతమందికి చేతనవును? కానీ ఆ గాడిద ముందు ఆయన కంట పడాలిగా.

ఇదంతా మా పూజారిగారితో చెప్పి, పన్నెండు దాటాక కూడా ఒక పది నిమిషాలు తలుపులు తెరిచి ఉంచకూడదా అని అడిగాను. ఆయన తాళంచెవులు మొలలో దోపుకుంటూ, ‘పదకొండున్నరకే రావచ్చు కదండీ’ అన్నారు.