పౌరజీవితంలో భావోద్వేగాలు

రాజకీయాల్లో భావోద్వేగాలకు చోటెంత అన్న ప్రశ్న గ్రీకుల కాలం నుంచీ ఉంది. ప్లేటో ‘రిపబ్లిక్’లో ఆత్మను వివేకం, పౌరుషం, కోరిక అని మూడు భాగాలు చేసి, ఏలుబడిని వివేకానికి అప్పగించాడు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ ‘రెటరిక్’లో ఉద్వేగాలను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. తననో తనవారినో ఎవరో అన్యాయంగా చులకన చేశారన్న తలంపు నుంచి కోపం పుడుతుందన్నాడు. అంటే కోపంలో ఒక అభియోగం ఉంటుంది, అభియోగాన్ని విచారించవచ్చు. ఈ లెక్కన పౌరుల ఉద్వేగాన్ని తూచవలసింది దాని తీవ్రతను బట్టి కంటే, అది విచారణకు నిలుస్తుందా లేదా అన్నదాన్ని బట్టి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఇందుకు ఉదాహరణ. కూలి డబ్బు సారాకు పోవడం, ఇంట్లో దెబ్బలు తినడం అక్కడి ఆడవాళ్లకు కొత్త కాదు; ఎవరి కడుపుమంట వారి గడప లోపలే ఉండేది. అక్షరాస్యత తరగతుల్లో ఆ బాధ పదిమంది మాటగా మారింది. తాగివచ్చే భర్త మీది కోపం దుకాణం మీదికి, అక్కడి నుంచి సారా వేలంపాటల మీదికి, వాటి ఆదాయానికి అలవాటుపడ్డ ప్రభుత్వం మీదికి మళ్లింది. మహిళలు పాటలను అడ్డుకున్నారు. 1993లో రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది. నలుగురిలో చర్చకు వచ్చాక కోపం తన అసలు కారణాన్ని పట్టుకోగలిగింది.

వ్యక్తిపూజలో ఆ చర్చకే తావుండదు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ అంబేద్కర్, మతంలో భక్తి ముక్తిమార్గం కావచ్చు గానీ రాజకీయాల్లో అది పతనానికి, చివరికి నియంతృత్వానికి దారితీస్తుందని హెచ్చరించాడు. నాయకుణ్ణి ప్రశ్నించడమే అపరాధమనుకునే పౌరుడు తన హక్కును తానే వదులుకుంటాడు. అయితే ఉద్వేగాలన్నిటినీ ఆయన తోసిపుచ్చలేదు. సోదరభావం లేనిదే స్వేచ్ఛ, సమానత్వం సహజంగా సాగవని అదే ప్రసంగంలో అన్నాడు. తోటివారి పట్ల ఆ భావన లేకపోతే చట్టాన్ని అడుగడుగునా బలవంతంగా అమలు చేయవలసి వస్తుంది.

అమెరికన్ తత్త్వవేత్త మార్తా నస్‌బామ్ 2013 నాటి ‘పొలిటికల్ ఎమోషన్స్’లో దాదాపు ఇదే వాదం చేసింది: న్యాయమైన వ్యవస్థలు నిలవాలంటే ప్రజల్లో కరుణ, దేశం పట్ల ప్రేమ ఉండాలి, వాటిని పాఠశాలలు, కళలు, బహిరంగ ఉత్సవాలు పెంచాలి. ప్రజల మనసుల్లో ఏ భావం ఉండాలో ప్రభుత్వం నిర్ణయించడం ప్రమాదమన్న ఆక్షేపణ దీనికి సహజంగానే ఎదురవుతుంది. అందుకే దేశభక్తి బోధనతో పాటు విమర్శకు, భిన్నాభిప్రాయానికి పూర్తి రక్షణ ఉండాలని ఆమె షరతు పెట్టింది.