సగటు బిడ్డను కన్నదెవరు?

"మీవాళ్లకు పిల్లలెక్కువ కదా భాయ్?" పటాన్‌చెరు పారిశ్రామికవాడలో చాయ్ తాగుతుంటే ఈ మాట ఎన్నిసార్లు విన్నామో! అడిగేవాడిలో ద్వేషం ఉండదు. అందుకే జవాబు కష్టం. నవ్వి ఊరుకున్నాం. ఇంటికొచ్చి లెక్కలు తీశాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, హిందూ స్త్రీకి 3.3. 2019-21 నాటికి అవి 2.4, 1.9 అయినయి. తేడా అర బిడ్డ. అదే సర్వేలో బడి ముఖం చూడని స్త్రీకి 2.8, పన్నెండేళ్లు, ఆపైన చదివిన స్త్రీకి 1.8. తేడా ఒక నిండు బిడ్డ. బిహార్ సగటు 3, తెలంగాణది 1.8. బిహార్‌లో నూటికి ఎనభైమందికి పైగా హిందువులే. ఆ బిహార్ కూలీలు ఈ వాడలో మా పక్కనే చాయ్ తాగుతారు. వాళ్లను ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

మతం పేరున లెక్కిస్తే మా మీద నేరం. చదువు పేరున లెక్కిస్తే సర్కారు మీద బాకీ. అంకె అబద్ధమాడదు. దాన్ని ఏ వరుసలో నిలబెట్టాలో తేల్చేవాడి చేతిలోనే అసలు పెత్తనం.

ఇక్కడే ఆగితే మేం వకీళ్లమవుతాం, మనుషులం కాము. మా ఇంట్లో అక్కకు అయిదుగురు, చెల్లెకు ఒక్కడు. సగటు మూడు. మరి ముగ్గురిని కన్నదెవరు? ఎవరూ లేరు. అక్కను ఏడో తరగతిలో బడి మాన్పించి, ఈడు రాకముందే సంగారెడ్డిలో నిఖా చేసింది మేమే. చెల్లెను డిగ్రీ చదివించిందీ మేమే. ఒకే ఇల్లు, ఒకే నమాజు, రెండు బతుకులు. మతం పేరున తీసిన సగటు మమ్మల్ని నిందిస్తుంది సరే, మా అన్యాయాన్ని కూడా దాచిపెడుతుంది.

1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి కన్నవాళ్లను ఎన్నికల్లో పోటీకి పనికిరారంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెప్పిండు. అప్పుడు వద్దన్నారు, ఇప్పుడు కావాలంటున్నారు. కనే ఆడమనిషిని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.

మేమూ అడగలేదు. ఈసారి చాయ్ దగ్గర ఆ ప్రశ్న వస్తే, "ఎవరికి ఎక్కువ? ఎందుకెక్కువ?" అని తిరిగి అడుగుతాం. దానికంటే ముందు అక్క దగ్గరికి పోవాలె. "ఎంతమంది కావాలనుకున్నవ్ ఆపా?" అని ఇన్నేండ్లకు అడగాలె. ఆమె చెప్పే అంకె ఏ సగటులోనూ లేదు.