కణంలో కర్త ఎవరు?

నేను పాథాలజిస్టుని. హెమటాక్సిలిన్ పట్టిన స్లైడు మీద నా కన్ను ముందు వెతికేది నీలంగా తేలిన కేంద్రకాన్నే. దాని పరిమాణం, పొర మీది ముడతలు చూసే క్యాన్సరా కాదా అన్నది చాలావరకు తేలుస్తాం. బడిలో మనకు కేంద్రకమే కణానికి అధిపతి అని నేర్పారు. అది నిజమేనా అన్నది నా దృష్టిలో కర్తృత్వం గురించిన ప్రశ్న.

మనిషి కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్‌ఏ కొన్ని మైక్రాన్ల కేంద్రకంలో ఒదిగి ఉంటుంది. చుట్టూ రెండు పొరలు, వాటి నిండా వందలూ వేలుగా రంధ్రాలు. చిన్న అణువులు వాటంతటవే దాటుతాయి. పెద్ద ప్రోటీన్లను వాహకాలు గుర్తుపట్టి తీసుకెళ్లాలి. డీఎన్‌ఏను చదివే ఎంజైములూ, దాన్ని చుట్టి ఉంచే హిస్టోన్లూ బయట తయారై లోపలికి రావాల్సిందే. కణం రెండయ్యే వేళ ఆ పొరే విడిపోతుంది; లోపల, బయట అన్న తేడా కాసేపు ఉండదు.

1962లో జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని, సొంత కేంద్రకం నాశనమైన కప్ప గుడ్డులో పెట్టారు. అలాంటి గుడ్లలో కొన్ని తోకకప్పలుగా ఎదిగాయి. పేగుకు కావలసినంతే చదువుతున్న కేంద్రకం చేత గుడ్డు మొత్తం గ్రంథాన్ని మొదటినుంచి చదివించింది. మరి ఏలినదెవరు?

భగవద్గీత అయిదో అధ్యాయం దేహాన్ని తొమ్మిది వాకిళ్ల పురమంటుంది. అందులో ఉండే దేహి చేయడు, చేయించడు, చేసేది ప్రకృతి. కేంద్రకం ఆత్మ అని నేననను, అదీ ప్రకృతే. కానీ ఆ ప్రకృతిలో ఎంత వెతికినా నాకు ఒక్క యజమాని దొరకలేదు. ఒకదాన్నొకటి నడిపించే పనులే కనిపించాయి.

ఇది ఉత్త వేదాంతం కాదు. ప్రొజేరియా అనే జబ్బులో పసివాళ్లకే ముసలితనం వస్తుంది. కేంద్రకపు పొరకు లోపల ఆనుగా ఉండే లామిన్ ప్రోటీను జన్యువులో ఒకే అక్షరం మారడమే కారణమని 2003లో తేలింది. ఆ మార్పు దాదాపు ఎప్పుడూ కొత్తగా పుట్టేదే, తల్లిదండ్రులు మోసుకొచ్చింది కాదు. అయినా ఏ జబ్బు రిపోర్టు చేతికిచ్చినా "మేమేం పాపం చేశాం డాక్టరుగారూ" అని అడిగే తల్లులున్నారు.

వాళ్లకు నా జవాబు ఒక్కటే: అక్షరం మార్చినవాడంటూ ఎవరూ లేరమ్మా, ఇది శిక్ష కాదు. జబ్బుకు కర్తను వెతకడం మానేస్తే, బిడ్డకు చేయాల్సిన సేవకు మన చేతులు ఖాళీ అవుతాయి. నాకు తెలిసిన కర్మయోగం అదే.