పొరుగువాని ఊపిరి

కొన్ని ధర్మములు మనకే లాభము నిచ్చును. వానిని పాటించుట సులభము. మరికొన్నిటి ఫలము ఇతరులకు చెందును; మనకు మిగులునది ఖర్చు మాత్రమే. మనుష్యుని పరీక్షించునవి ఈ రెండవ రకమువి. ఇట్టి ధర్మసంశయ మొకటి ఖతార్ దేశమున, దోహా ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీలవంటి చోట్ల, చిన్న యంత్రభాగము రూపమున ఎదురగుచుండును.

ఆ భాగము కొన్ని పెట్రోలు కార్లలో నుండు ఎయిర్ ఇంజెక్షన్ పంపు. చల్లగా నున్న ఇంజనును నడుపుటకు మొదలిడినపుడు పెట్రోలు పూర్తిగా మండదు. కాలని ఇంధనపు ఆవిరియు, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును పొగతో వెలువడును. ఈ పంపు పొగమార్గములోనికి బయటిగాలిని నెట్టి వానిని అక్కడనే మండించును. ఆ వేడిచే పొగను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరు త్వరగా పనికి వచ్చును. దాని పని కొద్ది నిమిషములే. లాస్ ఏంజెలిస్ నగరమును విషపుపొగ కప్పిన కారణముచేత కాలిఫోర్నియాలో 1966 నాటి కార్లకు ఇట్టి పంపులను అమర్చిరి.

తేమ చేరి పంపు తుప్పుపట్టును, వాల్వు బిగుసుకొనును. హెచ్చరిక దీపము వెలుగును. కొన్ని కార్లలో ఇంజను శక్తియు తగ్గిపోవును. క్రొత్త భాగము ఖరీదైనది. అప్పుడు యజమాని, “దీనిని తీసివేయుము. ఇది బలము నీయదు, పెట్రోలు మిగుల్చదు. ఇది వేడిదేశము; దీని అవసరమేమి?” అనును. వేడెక్కిన ఇంజను పొగను కొలిచినచో ఈ లోటు సాధారణముగా బయటపడదు కూడ.

ఈ వాదములో కొంత నిజము కలదు. ఇంజను వేడిగా నున్నచో అనేక కార్లలో పంపు నడువనే నడువదు. కాని క్యాటలిటిక్ కన్వర్టరు సరిగా పనిచేయుటకు సుమారు 250 నుండి 300 డిగ్రీల వేడి కావలెను. మనకు ఉక్కపోయు 30 డిగ్రీల వేకువయు దానికి చలియే. కావున వేడిదేశమను వాదము అర్ధసత్యము.

ఆ తొలి నిమిషముల పొగ ఎవరిది? కారు రాత్రి నిలిచిన చోటనే అది వెలువడును: మేడల క్రింది పార్కింగులో, ఇరుకు సందులో. ఆ వేళ అచ్చట నుండువారు కావలివాడు, తెల్లవారకముందే కార్లు తుడుచు కూలి, బడి బస్సుకై నిలిచిన బిడ్డ. నిజామాబాదు, కరీంనగరు, జగిత్యాల, కడప ప్రాంతముల నుండి పొట్టకూటికై గల్ఫునకు వెళ్లిన మనవారెందరో ఇట్టి పనులే చేయుచున్నారు. మన పూర్వులు ఒప్పందపు కాగితముపై వేలిముద్ర వేసి తోటలకు వెళ్లిరి. తోట లెక్కలలో వారి కూలికి చోటుండెను. వారి ఊపిరికి చోటు లేకుండెను. ఆ సంగతి ఎరిగిన మనము అట్టి లెక్కనే మరల వ్రాయదగునా?

పంపును తీసి, దీపము వెలుగకుండ కారు కంప్యూటరును మార్చుట మరియొక దోషము. అది యంత్రముచే అబద్ధమాడించుట. వోక్స్‌వాగన్ సంస్థ పరీక్షవేళ మాత్రమే పొగను తగ్గించు ఉపాయమును సుమారు 1.1 కోట్ల డీజిలు కార్లలో అమర్చినట్లు 2015లో వెల్లడి కాగా లోకమంతయు నిందించెను. ఆ యంత్రము వేరు, పరిమాణము వేరు. అబద్ధపు స్వభావ మొక్కటియే.

అయినను ధర్మము కఠినముగా నుండరాదు. చేత డబ్బు లేక, భాగము దొరకువరకు చెడిన పంపుతో బండి నడుపు బీదవానిని పాపి యనరాదు. తాత్కాలికపు లోటు వేరు, శాశ్వతముగా తీసి దాచుట వేరు. అట్టివాడు ఇంజనును ఊరక నడుపుచు నిలువక, బండిని వెంటనే బయటిగాలిలోనికి తేవచ్చును. అమ్మునపుడు కొనువానికి నిజము చెప్పవచ్చును. జీతగాడైన మెకానిక్కుకంటె ఆజ్ఞాపించిన యజమానిదే బరువైన బాధ్యత. కాని ఫలితమును తెలిపి చెప్పుట మెకానిక్కునకును విధియే.

ఖతార్ 2002లో 30వ నంబరు చట్టముతో పర్యావరణ రక్షణకు పూనుకొనెను. ఏ చట్టమైనను ప్రతి బానెట్టు క్రిందికి తొంగిచూడజాలదు. అచ్చట చూడగలది మన మనస్సాక్షి యొక్కటే. తనకు లాభము లేకున్నను, చూచువారు లేకున్నను, పొరుగువాని ఊపిరిని తన ఊపిరివలె ఎంచువాడే ధర్మమును నిలుపువాడు.