ఓడ రాని వారములో వెలిగిన పొయ్యి

పఠన భాగములు: లేవీయకాండము 2:1–13, 23:39–43, నెహెమ్యా 8:9–18

బంగాళాఖాతమునకు తూర్పున, చెన్నైనుండియు విశాఖపట్నమునుండియు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున అండమాను ద్వీపములున్నవి. వాటి ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడినది. శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి బ్రతుకుతెరువునకై సముద్రము దాటిన తెలుగువారు అక్కడ అనేకులు. 2011 జనాభా లెక్కలలో ఆ ద్వీపములలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 13 మంది. ఆ నేలలో కొబ్బరి కాయును, నిమ్మ కాయును, పోక కాయును. గోధుమ మాత్రము పండదు. మైదాపిండియు, వెన్నయు, కమలాపండ్లును సముద్రముమీదుగా రావలెను. క్రిస్మసునకు ముందటి మాసములలోనే బంగాళాఖాతమున తుఫానులు లేచుట వాడుక. ఓడ ఆలస్యమైన వారములో అంగడి బల్లలు బోసిపోవును.

అట్టి వారములో ఒక తెలుగు గృహిణి తన వంటయింట నిలిచియున్నదని తలంచుడి. క్రిస్మసు దినమున ఆరాధన ముగిసినపిమ్మట పంచుటకు కమలాపండ్ల మఫిన్లు, అనగా చిన్న గిన్నెలలో కాల్చు మెత్తని తీపి రొట్టెలు, చేయవలెనని ఆమె కోరిక. వంటపుస్తకమున కమలారసము ఒక కప్పు, వెన్న అర కప్పు, ఓవెను అని వ్రాయబడియున్నది. ఆమెయొద్ద కమలాపండ్లు లేవు, వెన్న లేదు, ఓవెనును లేదు. డబ్బాలో మైదా ఉన్నది, పెరటిలో నిమ్మచెట్టున్నది, గూటిలో నాలుగు గ్రుడ్లున్నవి, కొబ్బరినూనె సీసాయున్నది. ఆమె ఓడకొరకు కనిపెట్టవలెనా? లేక పుస్తకము మూసివేసి చేతికందినదెల్ల గిన్నెలో కుమ్మరింపవలెనా?

వంట తెలిసిన స్త్రీ ఈ రెంటిలో ఏదియు చేయదు. ప్రతి వస్తువును అక్కడ ఏ పని చేయుటకు ఉంచబడినదని ఆమె అడుగును. వెన్న రొట్టెను మెత్తపరచును; ఆ పని నూనెయు చేయగలదు. అయితే వెన్నలో నూటికి సుమారు 80 పాళ్లే కొవ్వు, మిగిలినది చాలమట్టుకు నీరు. గనుక నూనెను కొంత తగ్గించి పోయవలెను. కమలారసము తడిని, పులుపును, పరిమళమును ఇచ్చును. దానికి బదులుగా ఒక కప్పు నిమ్మరసము పోసినయెడల ఎవరును నోట పెట్టలేరు, ఏలయనగా నిమ్మ దానికంటె అనేక రెట్లు పులుపు. అందుచేత ఆమె ఒక కప్పు పాలలో ఒక పెద్ద చెంచా నిమ్మరసము పిండి, అవి విరుగువరకు పది నిమిషములు ఉంచును. పరిమళము రసములోకంటె తొక్కలోని నూనెలో ఎక్కువ; గనుక పచ్చని పైతొక్కను మాత్రమే తురిమి, చేదైన తెల్లని పొరను విడిచిపెట్టును. రెండు కప్పుల మైదాకు ఒక చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, ముప్పావు కప్పు పంచదార, రెండు గ్రుడ్లు. విరిగిన పాల పులుపు సోడాను తాకగానే వాయువు పుట్టి పిండిని లేపును. పులుపు లేనిచోట అదే సోడా సబ్బు రుచినిచ్చును. పిండిని అతిగా కలిపిన రొట్టె బిరుసెక్కును గనుక, పొడి పిండి కనబడకుండ పోగానే ఆమె గరిటె ఆపును. దళసరి గిన్నెలో ఇసుక పోసి, మూతపెట్టి, బాగుగా కాచి, దానిలో చిన్న గిన్నెలు నిలిపి, ఇరువది ముప్పది నిమిషములు కాల్చును. పుల్ల గ్రుచ్చి తీసినప్పుడు పిండి అంటనియెడల రొట్టె సిద్ధమైనది.

ఈ వంటయింటి వివేకము పరిశుద్ధ గ్రంథమునకు క్రొత్త కాదు. లేవీయకాండము రెండవ అధ్యాయము నైవేద్యమును గూర్చిన విధి. ఇశ్రాయేలీయుడు గోధుమపిండిని పొయ్యిలో కాల్చి తేవచ్చును, పెనముమీద కాల్చి తేవచ్చును, కుండలో వండి తేవచ్చును. పొయ్యి గల యింటివాడును, ఒక్క పెనము మాత్రమే గల యింటివాడును యెహోవా సన్నిధికి ఒకే విధముగా రావచ్చునని ధర్మశాస్త్రమే ద్వారము తెరచినది. ఐదవ అధ్యాయమున ఆ కనికరము మరింత విశాలమగును. గొఱ్ఱెపిల్లను తేలేనివాడు రెండు గువ్వలను, అవియు దొరకనివాడు కొంచెము పిండిని తేవచ్చును. పేదవాని చేతిలో లేనిదానిని దేవుడు లెక్కించి, ఉన్నదానిని అంగీకరించుటకు ముందుగానే ఏర్పాటు చేసెను. శిశువైన యేసునుబట్టి మరియ యోసేపులు దేవాలయమునకు తెచ్చినదియు అట్టి పేదల అర్పణయే.

పర్ణశాలల పండుగ విధిలో దీనికి మరియొక దృష్టాంతమున్నది. లేవీయకాండము 23:40లో హెబ్రీ మూలము శోభగల చెట్ల ఫలమును పట్టుకొనుడని చెప్పునేగాని ఆ చెట్టు పేరు చెప్పదు. యూదుల సంప్రదాయము దానిని ఎత్రోగ్ అని పిలుచు మాదీఫలముగా గ్రహించినది. నేటికిని వారు ఆ పండుగలో దానినే చేతబట్టుదురు. తెలుగు బైబిలు అనువాదకులు అచ్చట దబ్బపండ్లు అని వ్రాసిరి. నారింజ, నిమ్మల కుటుంబమునకు చెందిన ఆ పండు తెలుగువారి పెరటిది, వారి ఊరగాయ జాడీలోనిది. అదే వచనమున ఖర్జూరపు మట్టలకు ఈతమట్టలని వ్రాసిరి. ఈత ఖర్జూరమునకు దగ్గరి చుట్టము. చదువరికి చేరని పరదేశపు పేరుకంటె అతని కన్ను చూచిన చెట్టు మేలని ఆ అనువాదకులు ఎంచిరి. అయినను ఏదో ఒక చెట్టును వేయలేదు; మూలమునకు అతి సమీపమైన బంధువును వెదకిరి. నిమ్మతొక్క తురుము గృహిణి చేసిన పనియు అదే.

నెహెమ్యా దినములలో బబులోను చెరనుండి తిరిగివచ్చినవారు ధర్మశాస్త్రమును విని కన్నీరు విడిచిరి, పిమ్మట ఈ పండుగ విధిని చదివి కొమ్మలకై పర్వతమునకు వెళ్లిరి. వారు తెచ్చినవాటి పట్టికను మోషే ఇచ్చిన పట్టికతో పోల్చి చూడుడి. ఈతమట్టలు రెంటిలోను ఉన్నవి. కాలువలయొద్ద పెరుగు చెట్ల పేరు నెహెమ్యా గ్రంథమున లేదు. ఒలీవ కొమ్మలు క్రొత్తగా చేరినవి. అయినను వ్రాయబడిన ప్రకారమే చేసిరని లేఖనము సాక్ష్యమిచ్చుచున్నది. యెహోషువ దినములనుండి ఇశ్రాయేలీయులు ఆలాగున చేసియుండలేదనియు, అప్పుడు వారికి బహు సంతోషము కలిగెననియు కూడ చెప్పుచున్నది. యెరూషలేము చుట్టునున్న కొండలమీద దొరికిన కొమ్మలతోనే వారు దేవుని మాటకు లోబడిరి.

అయితే దీనిని స్వేచ్ఛాచారమునకు సాకుగా చేసికొనరాదు. రెండవ అధ్యాయములో పొయ్యిని, పెనమును, కుండను అనుమతించిన దేవుడే పులిసినదానిని, తేనెను నిషేధించి, ఏ నైవేద్యమునను ఉప్పు తప్పిపోరాదని నొక్కి చెప్పెను. నిర్గమకాండము 30వ అధ్యాయమున పరిశుద్ధ ధూపద్రవ్యము యొక్క పాళ్లను నియమించి, సొంత సుఖమునకై దానివంటిది చేసికొనరాదని ఆజ్ఞాపించెను. నాదాబు, అబీహులు ఆజ్ఞలేని అగ్నిని తెచ్చి నశించిరి. వారికి అగ్ని కొరతలేదు. బలిపీఠము వారి యెదుటనే ఉండెను. లేమిచేత మార్చుటకును, నిర్లక్ష్యముచేత మార్చుటకును మధ్యనున్న అగాధము అది. సోడాను విడిచి రొట్టె లేవవలెనని కోరువాడు మూఢుడు. క్రీస్తు సిలువను, పునరుత్థానమును విడిచి సంఘము లేవవలెనని కోరువాడు అంతకంటె మూఢుడు.

అండమానునకు దక్షిణముననున్న నికోబారు ద్వీపముల ప్రజలు గోధుమను ఎరుగకమునుపే రొట్టెను ఎరిగిరి. మొగలి జాతికి చెందిన పెద్ద పండ్లను ఉడికించి, గుజ్జు గీకి, పీచును ఓపికతో తీసివేసి, ముద్దచేసి వారు తరతరములుగా భుజించుచున్నారు. ఆ జనులలో పుట్టిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ కార్ నికోబారీ భాషలో క్రొత్త నిబంధనను తన ప్రజలకు అందించెను. 1952లో మొదటి లోక్‌సభకు నామినేట్ చేయబడిన ఆయన 1978లో నిద్రించెను. సువార్త ఓడమీద వచ్చినను, అది ఆ నేల మాటలలోనే వండబడి వడ్డింపబడవలసియుండెను. పీచు తీయుట అనువాదకుని శ్రమ. గుజ్జు పోగొట్టకుండుట అతని నమ్మకత్వము.

ఓడ వచ్చువరకు పొయ్యి వెలిగింపనివారు సంఘములో అనేకులు. పాస్టరుగారు వచ్చిన తరువాత ప్రార్థన కూటము, పిల్లలు స్థిరపడిన తరువాత సేవ, జీతము పెరిగిన తరువాత దానము అని వారు వాయిదా వేయుదురు. భర్తను పోగొట్టుకొనిన స్త్రీ, పరదేశమునకు బదిలీయైన ఉద్యోగి, వ్యాధిచేత సగము బలము కోలుపోయినవాడు తమ జీవితపు పట్టికలో ముఖ్యమైన వస్తువు లేదని దుఃఖింతురు. ఆ దుఃఖము నిజమైనది. కమలాపండును నిమ్మ పూర్తిగా మరపింపజాలదు. అయినను దేవుడు వారిని అడుగునది గూటిలో మిగిలియున్నదానిని. తల్లిభాషలో నలుగురితో చేయు ప్రార్థన, పొరుగువాని బిడ్డకు చెప్పు ఒక బైబిలు కథ, రోగి మంచమునొద్ద కూర్చుండు ఒక గంట నేటి నైవేద్యమునకు చాలును. ఉప్పు మాత్రము, అనగా దేవునితోడి నిబంధనయందు నమ్మకత్వము, తక్కువ కాకూడదు.

నెహెమ్యా కాలపు ఆ జనులు తాము తినుటతో ఆగక, ఏమియు సిద్ధపరచుకొననివారికి వంతులు పంపిరి. ద్వీపపు గృహిణి రొట్టెలకును అదియే గమ్యము. అవి పుస్తకపు బొమ్మలోని రంగులో ఉండకపోవచ్చును. ఇసుక వేడికి ఒక ప్రక్క కొంచెము మాడియుండవచ్చును. ఆరాధన ముగిసినపుడు వాటిని అందుకొను పిల్లవాడు ఓడ వచ్చినదా అని అడుగడు, చేయి చాపును. చదువరీ, నీ యింటి గూటిని ఈ దినము తెరచి చూడుము. ఉన్నవాటిని లెక్కించి, వాటి పనిని ఎరిగి, పొయ్యి వెలిగించుము.