మూలం కుదిరితేనే ఆసనం కుదురుతుంది

సాధకా! షేక్‌పేట గుట్టల మీద మేడ కట్టుకున్నవాడవైనా, ఆ దిగువన అద్దెగదిలో వేషం కోసం ఎదురుచూసేవాడవైనా ఈ హితవు నీకే. ఫిల్మ్‌నగర్‌లో ప్రతి శుక్రవారం ఒక పరీక్ష. మార్నింగ్ షోకు టాక్ బాగుంటే సాయంత్రానికి వాకిట కార్లు బారులు తీరుతాయి. బాగోకుంటే ఫోను మోగదు. పరుల మెప్పును నమ్ముకున్నవాడికి నిద్ర ఎక్కడిది? అందుకే మూలాధారాన్ని నిలుపుకోవాలని యోగాకు కూర్చుంటున్నావు. మంచిదే. అయితే నిలుపుకోవలసినది ఏదో ముందుగా తెలుసుకో.

వెన్నెముక అడుగున నాలుగు రేకుల పద్మాన్ని మూలాధారంగా భావించారు తాంత్రికులు. దాని తత్త్వం పృథివి, బీజాక్షరం ‘లం’. 1577లో పూర్ణానందయతి ‘షట్చక్ర నిరూపణం’లో దీనిని వర్ణించాడు. మన ఉపాసకులు గణపతిని అక్కడే కొలుస్తారు. అది శస్త్రవైద్యుడి కంటికి కనబడే అవయవం కాదు, ధ్యానం నిలవడానికి పెద్దలు చూపిన గురి.

ఆ గురికి దేహం తోడ్పడుతుంది. వృక్షాసనంలో నిలిచి చూడు. ఒక పాదం నేలకు ఆనించి, రెండో అరికాలిని తొడకు అదిమి, చేతులు జోడించు. క్షణంలో చీలమండ వణుకుతుంది, కాలివేళ్ళు నేలను తడుముకుంటాయి. ఊపిరి బిగబడితే తూలుతావు. నిదానంగా విడిస్తే నిలుస్తావు. కటి అడుగు కండరాలను బిగించే మూలబంధాన్ని మాత్రం పుస్తకం చూసి పట్టకు, గురువు ఎదుట నేర్చుకో. గర్భిణులూ రక్తపోటు, హెర్నియా ఉన్నవారూ వైద్యుణ్ణి అడగనిదే దాని జోలికి పోరాదు.

ఇంతటితో పని తీరిందనుకుంటివా, మోసపోతివి. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలలో ఆసనానిది మూడో స్థానం. మొదటిది యమం: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. పునాది వేయక గోడ లేపేవాడిని మేస్త్రీ అనం. యమం లేక ఆసనం వేసేవాడిని యోగి అనరాదు.

ధనవంతుడా! రాత్రి రెండింటిదాకా షూటింగులో లైట్లు మోసినవాడి బత్తా నీ లెక్కలో మిగిలి ఉండగా, తెల్లవారి ‘లం’ అని జపిస్తే ఫలమేమి? పరుల కష్టం దాచుకోవడం అస్తేయానికి భంగం. ఇక అపరిగ్రహం సంగతి. జూబ్లీహిల్స్ గ్రానైటు బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అవసరానికి మించిన మేడ కోసం వాటిని పేల్పించి, ఆ మేడలోనే కూర్చుని పృథివీ తత్త్వాన్ని ధ్యానించడం నీకే వింతగా తోచదా? ఉన్నదానితో తృప్తిపడటమే నీ మూలబంధం.

బీదవాడా! నీ పరీక్ష వేరు. తెల్లవారకముందే కృష్ణానగర్ కూడలిలో పని కోసం నిలబడతావు. సాయంత్రం ఊరి నుంచి అమ్మ ఫోను చేస్తే పెద్ద సినిమాలో వేషం దొరికిందని అబద్ధమాడతావు. ఆ అబద్ధాన్ని కాపాడుకోవడానికే నీ బలమంతా కరిగిపోతుంది. ‘ఇంకా దొరకలేదమ్మా, వెతుకుతున్నాను’ అని చెప్పు. నిజం చెప్పినవాడికి దాచవలసినది లేదు, దాచవలసినది లేనివాడికి వణుకు లేదు.

జయం వచ్చినప్పుడు నెత్తిన పెట్టుకునే లోకమే అపజయంలో ముఖం చాటేస్తుంది. దాని స్వభావం మార్చడం నీ వశం కాదు, నీ నడత మాత్రం నీ వశం. కావున సాధకా, ఇవ్వవలసినది ఈ రోజే ఇచ్చివేయి, చెప్పవలసిన నిజం ఈ రోజే చెప్పివేయి. ఆసనం ఆ తర్వాత.